సీసాలో కూర

“నా చేపలో విషమా? ఇంకోసారి అనండి, ఇక్కడే పడి చస్తాను!”

బందరు ఆసుపత్రి వరండాలో పోలమ్మ ఖాళీ తట్టని నేలకేసి కొట్టింది. ఆమె అమ్మిన సముద్రపు చేప ముక్కలు తిని ఖైరున్ బీ భర్త రహంతుల్లా మంచమెక్కాడు. పెదాలు మొద్దుబారాయి, చెయ్యి ఎత్తలేడు. మొగుడు తిన్నాక తినే అలవాటు ఖైరున్ బీని కాపాడింది. సంగతి తేలేదాకా పోలమ్మ బజారులో తట్ట దించకూడదని శానిటరీ ఇన్‌స్పెక్టరు ఆర్డరేశాడు. తట్ట దిగకపోతే ఆమె ఇంట్లో పొయ్యి రాజదు.

“అరిస్తే ఏం లాభం? మా మిషను తేలుస్తుందిలే,” అన్నాడు నరసింహారావు. హైదరాబాదు లాబొరేటరీలో ఆఫీసరు. ఏదో పని మీద బందరొచ్చి ఈ గొడవలో ఇరుక్కున్నాడు.

“ఏం మిషను బాబూ?”

“మాస్ స్పెక్ట్రోమీటరు. కూరలో ఏమేం కలిశాయో విడదీసి, అణువుల్ని తూస్తుంది. ఆ బరువుని బట్టి ఏ విషమో తెలిసిపోతుంది.”

“తూకంలో మోసం ఉండదు కదా?”

“నీ తక్కెడనుకున్నావా!”

అందరూ నవ్వారు. పోలమ్మకి మాత్రం ఏడుపొచ్చింది, పాపం.

నరసింహారావు ఖైరున్ బీ చేతికో గాజుసీసా ఇచ్చాడు. “మిగిలిన కూర ఇందులో పోసి తీసుకురామ్మా.” ఆమె ఇంటికెళ్ళి, సీసా మూతికి తెల్లటి గుడ్డ కట్టి మరీ తెచ్చింది.

రెండు వారాలకి ఆయనే రిపోర్టు పట్టుకొచ్చాడు. “విషం లేదు. ఒక్క పిసరు కూడా లేదు!”

“మరి ఈయనకేమైంది?” అన్నాడు ఇన్‌స్పెక్టరు, అప్పుడప్పుడే లేచి తిరుగుతున్న రహంతుల్లాని చూపిస్తూ.

“అది డాక్టర్లు చూసుకుంటారు. చేపది తప్పు కాదు. సైన్సు చెప్పాక ఇంకేముంది?”

పోలమ్మ ఆయన కాళ్ళ మీద పడిపోయింది. ఆ పూటే బజారులో తట్ట దించింది, అవే రకం చేప ముక్కలు. జనం జాలిపడి ఎగబడ్డారు. మధ్యాహ్నానికల్లా తట్ట ఖాళీ.

బస్సెక్కబోతూ నరసింహారావు ఖైరున్ బీని మెచ్చుకున్నాడు. “ఆ రోజు నువ్విచ్చిన కూర, రాత్రి వండిందైనా ఎంత తాజాగా ఉందమ్మా!”

ఖైరున్ బీ సిగ్గుపడిపోయింది. “అయ్యో, మీ అంత పెద్దవారి చేతికి పాచికూర ఎలా ఇస్తామండీ? అది పారబోసి, చెరువు కొరమీను తెప్పించి, అప్పటికప్పుడు వండి పోశాను.”