షెడ్డులో సవతి

శనివారం పొద్దున్నే పళ్ళ డాక్టరు తన పాత కారు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు. కాసేపట్లో దాన్ని కొనుక్కునేవాడు వచ్చి పట్టుకుపోతాడు.

ఎర్ర కారు. రెండే సీట్లు. తలుపులు రెక్కల్లా పైకి లేస్తాయి. లోపలికి దిగాలంటే నడుము మూడు మడతలు పెట్టాలి. ఏసీ ఉంది గానీ చల్లగాలి రాదు. ఇంజను వేడి మాత్రం వద్దన్నా వస్తుంది.

బావమరిది చూసిపెట్టిన కొత్తది కూడా స్పోర్ట్స్ కారే. వేగంలో పాతదాన్ని తలదన్నుతుంది. పైగా నాలుగు సీట్లు, సామాను పెట్టుకునే చోటు, మీట నొక్కితే చల్లదనం.

"బావా, దీంట్లో రోజూ క్లినిక్కి వెళ్ళొచ్చు. దాంట్లో మెకానిక్ దగ్గరికి మాత్రమే వెళ్ళగలం" అన్నాడు.

షెడ్డులో ఒక్క కారుకే చోటుంది. పాతది కదిలితేనే కొత్తది వస్తుంది.

డాక్టరు మనసు మారింది బావమరిది మాటలకి కాదు, భార్య కోసం. ఆవిడ ఆ కారుని ఏనాడూ కారు అనలేదు. సవతి అనేది. సవతి నిద్రలేచిందా, సవతికి నూనె పోశారా అని అడిగేది. పోయిన వానాకాలం అది నడిరోడ్డు మీద ఆగిపోతే, ఆవిడ గొడుగూ టార్చీ పట్టుకుంది. ఆయన ఇంజను విప్పి బొటనవేలంత నల్లటి ముక్కేదో మార్చాడు. అది లేకపోతే ఇంత కారూ అడుగు కదలదని ఆయన చెబుతుంటే ఆవిడ ఆవులించింది. ఇంటికొచ్చి, నూనె మరకలైన కొంగు ఉతుక్కుంటూ దెప్పింది.

"ఊళ్ళో అందరి పుచ్చుపళ్ళూ పీకుతారు. మనింట్లో పుచ్చుపన్నుకి మాత్రం మీకు చెయ్యి రాదు."

కొత్త కారులో ఓసారి తిప్పి తెచ్చి, ఎలా ఉందని అడిగాడు.

"గోల లేదు, కుదుపు లేదు. నిద్రపట్టేసింది" అంది.

డాక్టరు ఆ పూటే తేల్చేసుకున్నాడు. ఇన్నేళ్ళూ తన ముచ్చట తీర్చుకున్నాడు. ఇక ఆవిడ సుఖం చూడాలి.

కొనేవాడు చెప్పిన వేళకే వచ్చాడు. బట్టల మిల్లు యజమాని. పాత కార్లంటే పిచ్చి. చుట్టూ తిరిగి చూసి మురిసిపోయాడు. ఆవిడ కాఫీ తెచ్చి, పంచదార నిండుకుంది, ఏమీ అనుకోవద్దంది. ఆయన ఒక్క గుక్క తాగి కప్పు పక్కన పెట్టేశాడు.

డాక్టరు తాళం తిప్పాడు. ఇంజను గురగురమంది గానీ అంటుకోలేదు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అదే వరస. నిన్న సాయంత్రం వీధి వీధంతా అదరగొట్టిన బండి! బ్యాటరీ బాగుంది. పెట్రోలుంది. చొక్కా చేతులు మడిచి ఇంజను విప్పబోతే భార్య అడ్డుపడింది. ఇస్త్రీ పాడైపోతుంది, తీరిగ్గా చూసుకోవచ్చంది.

మిల్లు యజమాని నవ్వాడు. "కదలనివి మా ఇంట్లో ఇప్పటికే నాలుగున్నాయి డాక్టరుగారూ. ఐదోది తీసుకెళ్తే మా ఆవిడ నన్నే కదలనివ్వదు."

ఆయన అటు వెళ్ళగానే బావమరిది ఫోను. కొత్త కారు సంగతి ఇవాళ తేల్చకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తారట. డాక్టరు నీళ్ళు నములుతుంటే భార్య ఫోను లాక్కుంది.

"వద్దని చెప్పెయ్యరా. నా సవతి గడప దాటనంటోంది. ఏం చేస్తాం, నా రాత" అని పెట్టేసింది.

డాక్టరుకి లోపల గంతులేయాలనుంది. పైకి తలెత్తలేకపోతున్నాడు.

"ఇంకొకణ్ణి చూస్తానే. నిన్ను ఇంక కష్టపెట్టను" అన్నాడు.

ఆవిడ బట్టల బకెట్టు పట్టుకుని ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళిపోయింది.

కనీసం ఓ మంచి కాఫీ అయినా కలిపిద్దామనుకున్నాడు. వీధి చివరి కొట్టుకి వెళ్ళి పంచదార పొట్లం తెచ్చాడు. వంటింట్లోకి వచ్చి, డబ్బాలో పోద్దామని మూత తీశాడు.

అంచుల దాకా నిండి ఉన్న పంచదార మీద, ఆవిడ చేతిరుమాలు పరిచి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టి ఉంది బొటనవేలంత నల్లటి ముక్క.