మందుకి తోడు

"తల్లీకూతుళ్లిద్దరూ కలిసి నన్ను ఎర్రోణ్ణి సేసీసినారు!"

గణపతిరావు గొంతుకి యూనియన్ మీటింగుల్లో కూడా మైకు పెట్టరు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో ఆ వరసంతా వినపడింది. పక్కింటి కిటికీ రెక్క ఒకటి తెరుచుకుంది కూడా.

కూతురు హైమవతి కంచం ముందు తల వంచుకుని కూర్చుంది. భార్య అప్పలనర్సమ్మ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ప్రేమ్ బజార్‌లో, టీ కొట్టుకాడ, నలుగురి ముందర సెప్పినాడు జగ్గారావు. నా ఇంట్లో రోగం సంగతి నాకు ఆడు సెప్పాలా?"

జగ్గారావు, హైమ చదివే హిజ్లీ ఇంజనీరింగు కేంపస్‌లో కంప్యూటర్ సెంటర్ అటెండరు. చెప్పులు బయట విప్పి వెళ్లాల్సిన ఆ చల్లటి గదిలో హైమ రోజూ కూర్చుని టైపు చేస్తోందట. చదువు కాదట. ఈ-మెయిలట. ఆ మాట కాలనీలో అప్పటికింకా ఎవరికీ నోరు తిరగదు. ఏయే దేశాల ఆడవాళ్లో గుంపుగా చేరి, తమ రోగం గురించి ఒకరికొకరు రాసుకుంటారట. ప్రింటరు కాగితం చింపి ఇస్తూ జగ్గారావు రెండు ముక్కలు చదివాడు.

'ఎవరూ చూడనప్పుడు గిన్నె అడుగు కనపడేదాకా తింటాను. తర్వాత నోట్లో వేలు పెట్టుకుని అంతా కక్కేస్తాను.'

అప్పుడు గణపతిరావుకి అన్నీ అర్థమయ్యాయి. మిగిలిన అన్నం మాయమైపోవడం. పెరట్లో కొళాయి దగ్గర ఆ వాంతుల చప్పుడు. పిల్లి అనుకున్నాడు తను! ఇద్దరూ ఆస్పత్రికి తిరగడం. అడిగితే గేస్ట్రిక్ అన్నారు. వయసొచ్చిన పిల్లని ఒంటరిగా పంపకుండా తల్లి తోడు వెళుతోంది, మంచిదే అనుకున్నాడు.

డాక్టరుకి తెలుసు. అటెండరుకి తెలుసు. ఎక్కడో ముక్కూమొహం తెలియని ఆడవాళ్లకి తెలుసు. ఇంటాయనకి మాత్రం తెలియదు. కేంపస్‌లో సీటొచ్చిన రోజున వర్క్‌షాపంతా లడ్డూలు పంచిన తండ్రికి తెలియదు. అదీ అతని మంట.

"ఏటి తక్కువైంది నీకు? మీయమ్మని సూడు! మనిద్దరం తిని లేస్తేగాని ముద్ద ముట్టదు. సోమోరం ఒకపొద్దు, శనోరం ఒకపొద్దు. అదలా ఎండిపోయి నీకు వండి పెడతంటే, నువ్వు కక్కుతున్నావా?"

హైమ తల్లివైపు చూసింది. అప్పలనర్సమ్మ చూపు దించేసుకుంది.

"నాన్నా, డాక్టరు దీదీ మందులిస్తున్నాది. కూర్చోబెట్టి మాట్లాడుతున్నాది. ఆ గుంపులో రాయడం మందుకి బదులు కాదు, తోడు అని ఆవిడే అన్నాది. అదే రోగం ఉన్నోళ్లు 'ఈ పూట నాకు కడుపులో నిలిచింది, నీకూ నిలుస్తాది' అని రాస్తారు. ఆ ఒక్క మాటకి ఎంత ధైర్యమొస్తాదో నీకు తెలీదు."

"ఉత్తరాలు సదివితే రోగం పోద్దేటి? ఠీక్ హై! అలగైతే డాక్టర్లందర్నీ రిటైర్ అయిపోమను, పోస్ట్‌మేన్లకి సూది మందులిచ్చీమను!"

"తగ్గుతున్నాది నాన్నా. ఇప్పుడు ఆపితే మళ్లీ మొదటికొస్తాది."

గణపతిరావు మేకుకున్న హైమ సైకిలు తాళంచెవి లాక్కుని గుప్పిట్లో బిగించాడు.

"రేపట్నుంచి నీకు కంప్యూటర్ లేదు. ఆస్పత్రి లేదు. నా ఎదర కూకుని తినాల. నానూ సూస్తాను, ఎలా కక్కుతావో!"

"అది కాదు నాన్నా..."

"నోర్ముయ్! కష్టమొస్తే పరాయి దేశపోళ్లకి సెప్పుకుంతావా? నానేటి, సచ్చిపోనానా?"

 ముంచుకొచ్చిన ఏడుపు కనపడకూడదని కూతురి మీదికి చెయ్యెత్తాడు.

హైమ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పక్కకి తప్పుకోలేదు. ఒక్క మాట అంటే తప్పిపోయే దెబ్బ. ఆ మాట అనలేదు. పళ్లు బిగించి కూర్చుంది.

గుమ్మంలో గరిటె ఠంగుమని కింద పడింది.

అప్పలనర్సమ్మ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. పెళ్లయినప్పటినుంచీ ఆమె మొగుడికి అలా అడ్డం నిలబడింది లేదు. చెయ్యి ముందుకు చాపింది.

"కక్కుతున్నది నాను మావా, ఇంగ్లీసు రాక దానిసేత రాయిస్తన్నాను, ఆ తాళం దానికిచ్చీ!"