రావద్దని చెప్పిన వీడియో

“ఈసారి ఇంగా గట్టిగా చెప్పు మామా. ఈడ వజ్రాలు లేవు, ఎవురూ రావద్దండి అను,” అంటూ యూట్యూబ్ ఛానెల్ నడిపే భరత్‌కుమార్ ఫోను పైకెత్తాడు.

తన చేని గట్టున కూర్చున్న మాబాషా తల ఎత్తలేదు. తొలకరి పడితే చాలు, వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి జనమో దిగుతారు. అప్పుడే మొలిచిన వేరుశనగ సగం వాళ్ల కాళ్ల కిందే పోయింది.

“వీడియో వద్దప్పా. రాసి పెట్టు.”

“రాస్తే ఎవురు చదువుతారు మామా? నువ్వు చేతులు జోడించిన వీడియో చూడు, జిల్లా అంతా చూసినారు.”

అంతలో గట్టు పక్కన బైకు ఆగింది. దిగిన మనిషి తన ఫోను చూసి, చేను చూసి, మాబాషాను చూశాడు.

“అన్నా, దీంట్లో ఉండేది నువ్వే కదా? ఇదే చేను కదా?”

అతని ఫోనులో మాబాషా చేతులు జోడించి బతిమాలుతున్నాడు. శబ్దం మాత్రం రావడం లేదు.

“మామ ఏమంటాండాడో వినలేదా?” అన్నాడు భరత్‌కుమార్.

“బస్సులో చూసినా అన్నా, సౌండు పెట్టలేదు. వెనక ఆ గుట్ట కనపడె. దాన్ని గుర్తు పెట్టుకొని వచ్చినా.”

మాబాషా కేకలేస్తాడనుకున్నాడు భరత్‌కుమార్. అతను వంగి, నలిగిన మొలకనొకదాన్ని నిలబెట్టాడు. భరత్‌కుమార్ ఫోను దించాడు.

“సరే మామా, రాస్తా. ఏం రాయమంటావు?”

మాబాషా అతని వైపు తిరగలేదు. వచ్చినవాడితో అన్నాడు:

“చెప్పులిడిసి దిగప్పా. మొలకలుండాయి.”