మంచం మీద మిషను

“తొక్కమ్మా, మిషను తొక్కు!”

మళ్ళీ దాపురించాడు బట్టతల ముసలాయన. మంచం చివర మడత స్టూలు వేసుకుని, దుప్పటి అంచు పైకెత్తాడు.

మోకాలి ఆపరేషనైన టైలరమ్మకి ఒళ్ళు మండింది.

“డాక్టర్లకి లేని తొందర మీకెందుకు బాబాయిగారూ?”

“పాదం పైకి, కిందికి. కుట్టు పడాలి మరి! కదలని కాళ్ళలో నెత్తురు గడ్డకడుతుందమ్మా. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే మనిషి దక్కదు.”

ఆమె పాదాలు బిగబట్టుకుంది. కదపాలంటే హడలు.

తనకి తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ కూడా ఇలాగే ఆపరేషనై పడుకుంది. ఆవిడా టైలరే. మంచం మీద కూడా మిషను తొక్కుతున్నట్టు పాదాలాడించేది.

“అమ్మ కాళ్ళు కదలనివ్వకు పాపా,” అన్నాడు ఉంగరాల జుట్టు డాక్టరు.

బుద్ధిగా అమ్మ పాదాలు పట్టుకుని కూర్చుంది. ఆరో రోజు చిన్న కునుకు పట్టి చేతులు జారాయి. లేచేసరికి అమ్మ లేదు.

తప్పు తనదేనని నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేదు.

“అసలు మీరెవరు? నా మానాన నన్ను వదిలెయ్యండి!”

ముసలాయన నొచ్చుకోలేదు. స్టూలు మడిచాడు.

“నేను రాకపోయినా తొక్కు తల్లీ.”

మర్నాడు నిజంగానే రాలేదు.

ఆయనొచ్చే వేళ, పదయ్యేసరికి వార్డు బోసిపోయినట్టనిపించింది. తోచక, ఎవరూ చూడకుండా దుప్పటి కింద పాదం ఆడించింది. పైకి, కిందికి.

కళ్ళు మూసుకుంటే అమ్మ మిషను టకటకలాడింది. నూనె వాసన. మిషను కింద గుడ్డపీలికలతో బొమ్మకి గౌను చుడుతూ తను. ఎంత బాగుండేవి ఆ రోజులు! ఏడుస్తూనే తొక్కింది. ఆ రోజు నుంచి మానలేదు.

ఇంటికెళ్ళే రోజు నర్సుని పిలిచింది.

“ఆ బాబాయిగారేరమ్మా? నోరు జారాను. కొలతలిస్తే చొక్కా కుట్టిపెడతాను.”

నర్సు తల దించుకుంది.

“నాలుగు రోజుల క్రితమే గుండెపోటుతో పోయారండీ. రిటైరయ్యాక కూడా రోజూ వార్డుకొచ్చి అందరి చేతా పాదాలాడించేవారు. మీరు టైలరని కేసు షీటులో చూశాక మీ మంచం వదల్లేదు.”

“ఎందుకని?”

“కుర్ర డాక్టరుగా ఉన్నప్పుడు ఒక టైలరమ్మ కాళ్ళాడిస్తుంటే ఆపించారట. కాళ్ళలో గడ్డకట్టి ఆవిడ పోయింది. ‘అమ్మ పాదాలు పట్టుకుని కూర్చున్న పాపకి, తప్పు నీది కాదమ్మా, నాది అని చెప్పలేకపోయాను’ అని చివరిదాకా కుమిలిపోయారు మా పెద్ద డాక్టరుగారు.”