గుంట ముఖం

ఆఖరి బస్సుకు సుహాసిని సంచి సర్దుకుంటోంది. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్ల చూపు మీద ఆమెది పన్నెండేళ్ల పరిశోధన. ఆమె పరీక్షలకు వాడే ప్లాస్టిక్ ముఖాన్ని మేనత్త పుష్పమ్మ వెనక్కి తిప్పి పట్టుకుంది. అటువైపంతా గుంటే. అయినా మామూలు కళ్లకు ముక్కు ముందుకే పొడుచుకొచ్చినట్టుంటుంది. ఆ జబ్బున్న చాలామందికి గుంట గుంటలాగే కనిపిస్తుంది.

"ముక్కు ముందుకే ఉందా, అత్తమ్మా?"

"ఉంది గద. నన్నే గుర్రుగ చూస్తుంది. నాకేందే పిల్లా నీ పరీక్ష?"

సుహాసిని నవ్వలేదు. "నాకు పొద్దుగాల సంది గుంటనే కనబడ్తుంది."

పుష్పమ్మ ఆ ముఖాన్ని అలాగే బల్ల మీద నిలబెట్టింది.

"పరేషాన్ గాకు. మన్ననూరులో పరీక్షల క్యాంపు చూసుకొని రేపొస్త."

ఆమె చీకట్లోకి దిగింది. అడుగుల చప్పుడు ఆగిపోయింది. చూసేవాళ్లు కదిలితేనే తిరిగినట్టుండే ఆ ముఖం, పుష్పమ్మ కదలకుండా నిలబడి ఉండగానే, మెల్లగా గుమ్మం వైపు తిరిగింది.

సుహాసిని తిరిగి రాలేదు. ఆమె వెళ్లింది 2023 ఆగస్టు పద్నాలుగు రాత్రి.