గోడ మీది అభ్యర్థులు

ఊళ్లో ఎవరు పోయినా ఫొటోతో కాగితం అచ్చేయించి బస్టాపు గోడకి అంటించడం మా బల్గేరియా వాళ్ల అలవాటు. ఆ రోజు నా చిన్ననాటి జతగాడు గెన్కో కాగితం అంటించే పని నా మీద పడింది. జిగురు డబ్బా పక్కన పెట్టుకుని మూడు కాఫీలు తాగాను గాని, చుట్టిన కాగితం విప్పడానికి చేతులు రాలేదు.

వీపున సంచీతో ఒక స్వీడన్ అమ్మాయి వచ్చి గోడ మీద వరసగా ఉన్న ఫొటోలకేసి చూసింది. మా మాట కొంచెం వచ్చు గాని మా అక్షరాలు రావు.

"ఎన్నికలాండీ? ఎవరు గెలుస్తారు?"

నా కోతిబుద్ధి నిద్ర లేచింది.

"చెప్పడం కష్టమమ్మాయ్. అందరూ నిజాయితీపరులే. ఈమధ్య ఒక్కడూ లంచం ముట్టలేదు."

"మా నాయకులు నోరే మూయరు," అంది దిగులుగా.

"వీళ్లని చూడు, ఎంత చక్కగా మూసుకున్నారో!"

"యుద్ధం వస్తేనో?"

"ఒక్కడూ కదలడు. పూచీ నాది."

"ఇదెవరిది?" అంటూ నా పక్కనున్న కాగితం తనే విప్పింది. ఫొటోలోంచి గెన్కో పళ్లికిలించాడు.

"ఈయనది ఏ పార్టీ?"

"నాదే. మొత్తం ఇద్దరమే సభ్యులం." జిగురు డబ్బా మూత తీశాను.

ఆమె మూలలు పట్టుకుంది, నేను జిగురు రాశాను. గెన్కో వంకర లేకుండా గోడెక్కాడు.

బస్సెక్కుతూ వెనక్కి తిరిగి కేకేసింది: "ఆయన పక్కన చోటుంది, మీరూ నిలబడొచ్చుగా! మీ ఫొటో అక్కడ బాగుంటుంది!"

"ఫొటో తయారుగానే ఉందమ్మాయ్. వాడూ నేనూ ఒకే రోజు తీయించుకున్నాం," అన్నాను. "వాడికే తొందరెక్కువ."