మింగిన అర్జీ

"నా అర్జీ మింగేసింది మీ తెరే!" అంటూ నర్సుగా పనిచేసే అక్క కంప్యూటర్ తెరను వేలితో పొడిచింది. నర్సుల డబుల్ డ్యూటీలు ఆపమని రాసిన ఆ అర్జీని అరగంటలో పెద్ద డాక్టరుకు ఇవ్వాలి.

తెర మీద ఏది ఎక్కడ కనబడాలో తన బృందంతో కలిసి రూపొందించిన తమ్ముడు నింపాదిగా, "ఏ ప్రోగ్రాంలో రాశావక్కా?" అన్నాడు.

"నాకేం తెలుసు? నిన్న ఇక్కడే, కళ్ళెదుటే ఉంది."

"తెర శుభ్రంగా ఉండాలని ఫైళ్ళన్నీ ప్రోగ్రాముల లోపలికి నెట్టేశాం. అదెంత సులువో వివరిస్తూ నివేదిక కూడా ఇందులోనే రాశాను."

"ఏదీ, చూపించు."

తమ్ముడు ఒక ప్రోగ్రాం తెరిచాడు, మూశాడు. ఇంకోటి తెరిచాడు. తల గోక్కున్నాడు.

"దేంట్లో రాశావురా?"

అతడు మూడోది తెరిచాడు. "గుర్తులేదక్కా."

"అన్నం పెట్టమంటే ఏ గిన్నెలో వండావని అడిగే రకం! కాగితాలన్నీ బయటికి తెచ్చి తెర మీద పెట్టు. ముందు నాది."